నీలి డ్రమ్ము జోకులూ, మన బేటీల జనాజాలూ

2025 మార్చిలో మీరట్‌లో ఒక షౌహర్‌ని చంపి, నీలి రంగు డ్రమ్ములో పెట్టి, పైన సిమెంటు పోశారన్న ఖబర్ వచ్చింది. బీవీ మీదా, ఆమె స్నేహితుడి మీదా కేసు. మేలో మేఘాలయకు హనీమూన్‌కి వెళ్లిన కొత్త పెళ్లికొడుకు హత్య. జూన్‌లో మన గద్వాల సర్వేయర్ హత్య. అది కూడా పెళ్లయిన కొద్ది వారాలకే. ఇక మా ఖాన్‌దాన్ వాట్సాప్ గ్రూపుకి పండగే. నీలి డ్రమ్ము ఫొటో పెట్టి "భాభీ, మీ ఇంటికి డెలివరీ అయిందా?" అని ఒకరు, "ఇక హిఫాజత్ కావాల్సింది మర్ద్‌లకే" అని ఇంకొకరు. మా మామూ కొడుకు, బాగా చదువుకున్నవాడే, ఫోన్ చేసి మరీ అడిగాడు. "ఆపా, నువ్వు ఎప్పుడూ ఔరత్‌ల గురించే రాస్తావు. మర్ద్‌లు చావట్లేదా?"

సవాల్ సహీ సవాలే. కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు. జవాబు కూడా సాఫ్‌గా చెప్పాలి. చస్తున్నారు. బీవీ చేతిలో చనిపోయిన షౌహర్ ప్రాణం కూడా ప్రాణమే. అతని అమ్మీ ఏడుపూ ఏడుపే. ఆ మూడు కేసుల్లో ఫైసలా చెప్పాల్సింది అదాలతే. నేరం రుజువైతే శిక్ష పడాల్సిందే. ఇందులో బహస్ లేదు.

కానీ ఎవరు ఎవర్ని, ఏ రిష్తాలో, ఎప్పుడు చంపుతున్నారు అన్నది జోకులతో తేలే విషయం కాదు. లెక్కలు చూడాలి.

ఐక్యరాజ్య సమితి లెక్క ప్రకారం 2023లో దునియా మొత్తం మీద దాదాపు 85,000 మంది ఔరత్‌లు, బచ్చీలు హత్యకు గురయ్యారు. అందులో సుమారు 51,100 మందిని చంపింది షౌహరో, పార్ట్‌నరో, సొంత ఖాన్‌దాన్ మనుషులో. అంటే రోజుకు 140 మంది. మీరు ఫజర్ నమాజ్‌కి లేచి ఇషా చదివి పడుకునే లోపల దాదాపు వంద మంది.

మరి మర్ద్‌లు? హత్యకు గురయ్యేవాళ్లలో ఎక్కువమంది మర్ద్‌లే, వందలో 80 మంది. మా భాయ్ చెప్పింది ఆ మేరకు నిజమే. అయితే వాళ్లు చనిపోయేది సడక్ మీద, జగడాల్లో, జమీన్ తగాదాల్లో, గ్యాంగుల దుష్మనీలో. ఇంటివాళ్ల చేతుల్లో చనిపోయే మర్ద్‌లు వందకు 12 మంది. ఔరత్‌లు వందకు 60 మంది. 2013లో లాన్సెట్ పత్రికలో 66 దేశాల లెక్కలు కలిపి చూసిన పరిశోధన ఒకటి వచ్చింది. అది ఖాన్‌దాన్‌ని పక్కనపెట్టి కేవలం షౌహర్-బీవీ, పార్ట్‌నర్ల వరకే చూసింది. హత్యకు గురైన ఔరత్‌లలో 38.6 శాతం మందిని చంపింది పార్ట్‌నరే. మర్ద్‌లలో అది 6.3 శాతం.

దీని మతలబ్ ఏమిటి? మర్ద్‌కి ఖతరా బయట ఉంది. ఔరత్‌కి ఖతరా ఇంట్లో ఉంది. మనమేమో ఉల్టా బతుకుతున్నాం. బేటా రాత్రి పన్నెండింటికి వచ్చినా అడగం. బేటీ మగ్రిబ్ దాటాక ఆటోలో వస్తుంటే ప్రాణం గుప్పెట్లో పెట్టుకుంటాం. అదే బేటీకి నిఖా చేసి, విదాయీ అయ్యాక, "చలో, జిమ్మేదారీ తీరిపోయింది" అని హాయిగా నిద్రపోతాం.

ఇక రిష్తాల సంగతి. ఇక్కడే అసలు బాత్ ఉంది.

మన దేశంలో బీవీల హత్యకు కానూన్ పెట్టిన ఒక పేరు జహేజ్ మౌత్, వరకట్న మరణం. పెళ్లైన ఏడేళ్ల లోపు ఔరత్ కాలిన గాయాలతోనో, దెబ్బలతోనో, మామూలు కాని పరిస్థితుల్లోనో చనిపోయి, అంతకు కొంచెం ముందు జహేజ్ కోసం వేధించారని తేలితే సుస్రాల్ వాళ్లదే నేరమని అదాలత్ అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. 1986లో ఐపీసీలోకి 304-బి గా వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అదే సెక్షన్ 80. తక్కువలో తక్కువ ఏడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఉమ్రఖైద్. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో ఇలాంటి మౌత్‌లు 6,450. ఏడేళ్లు దాటిన బీవీ చనిపోతే ఈ లెక్కలోకి రాదు. స్టవ్ పేలిందని రాయించుకున్న మౌత్ కూడా రాదు.

"జహేజ్ మనలో లేదు, మనం మెహర్ ఇస్తాం" అనేవాళ్లకు ఒక మాట. వరకట్న నిషేధ చట్టం 1961 మెహర్‌ని కట్నం కిందికి తీసుకోదు, అది సహీ. కానీ జోడే కా రఖమ్ పేరుతో, షాదీఖానా ఖర్చు పేరుతో, "మా లడ్కేకి బండి అయినా పెట్టరా" అన్న మాటతో తీసుకునేదంతా కట్నమే. పదకొండు వేల మెహర్ రాసి పదకొండు లక్షల సామాన్ దించుకున్న షాదీలకు మనం ఎన్ని తినలేదు, బిర్యానీలు!

రెండో రిష్తా, పెళ్లి లేకుండా కలిసి ఉండడం. 2022 నవంబర్‌లో ఢిల్లీ మెహ్రౌలీ కేసు బయటపడ్డప్పుడు టీవీలు నెలరోజులు అదే చూపించాయి. నిందితుడి పేరు మన పేరు లాంటిది కావడంతో ఆ హత్య మొత్తం కౌమ్ నెత్తిమీద పడింది. మన ఇళ్లల్లో ఏం జరిగింది? సగంమంది "వాడు అసలు మనవాడే కాదు" అన్నారు. మిగతా సగం "నిఖా లేకుండా ఉంటే అంతే మరి" అన్నారు. టీవీ వాళ్లు మజహబ్‌ని పట్టుకున్నారు, మనవాళ్లు నిఖా లేకపోవడాన్ని పట్టుకున్నారు. కొట్టే మనిషిని ఎవరూ పట్టుకోలేదు. అమెరికా, కెనడాల్లో మార్టిన్ డేలీ, మార్గో విల్సన్ అనే పరిశోధకులు ఈ విషయం మీద ఏళ్లు పనిచేశారు. అక్కడ పెళ్లి లేకుండా కలిసి ఉన్న జంటల్లో హత్యలు పెళ్లైన జంటల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించాయి. నిజమే. కానీ అలా కలిసి ఉండేవాళ్లలో చిన్న వయసు వాళ్లు, గరీబీలో ఉన్నవాళ్లు, పక్కన నిలబడే ఖాన్‌దాన్ లేనివాళ్లు ఎక్కువ. నిఖానామా కాగితం ఒంటరిగా ఎవరినీ కాపాడదు. వెనక నిలబడే మనుషులు కాపాడతారు. నిఖా ఉండి కూడా మైకా తలుపు మూసేస్తే ఆ ఔరత్ ఏ కాగితం పట్టుకుని ఎక్కడికి పోతుంది? గృహహింస నుంచి రక్షణ చట్టం 2005 అందుకే పెళ్లి లాంటి సంబంధంలో ఉన్న ఔరత్‌ని కూడా లోపలికి తీసుకుంది.

మూడోది, అసలు రిష్తానే లేనిది. లడ్కీ కాదంది, లడ్కా కత్తి తీశాడు. 2021 ఆగస్టు 15న గుంటూరులో బీటెక్ చదివే అమ్మాయిని పట్టపగలు సడక్ మీద పొడిచి చంపారు. ఎనిమిది నెలల్లో అదాలత్ సజా-ఎ-మౌత్ వేసింది. మన అఖ్బార్‌లు ఇలాంటివాళ్లకు "ప్రేమోన్మాది" అని పేరు పెట్టాయి. నాకు ఆ లఫ్జ్ మీద ఎప్పటినుంచో షికాయత్ ఉంది. అందులో ప్రేమా లేదు, ఉన్మాదమూ లేదు. "నాది కాకపోతే ఎవరిదీ కాకూడదు" అన్న జిద్ ఉంది. అది హోష్‌లో ఉండి, కత్తి కొని, దారి కాచి చేసే పని.

ఖాన్‌దాన్ చేసే హత్యలు వేరే లెక్క. 2022 మేలో సరూర్‌నగర్‌లో మన అమ్మాయిని చేసుకున్న దళిత అబ్బాయిని ఆమె ముందే చంపారు. కేసు ఆమె సొంత భాయీ మీదే. అక్కడ చంపింది పార్ట్‌నర్ కాదు. కానీ వేరు ఒకటే. ఔరత్ ఒక మనిషి కాదు, ఎవరిదో మిల్కియత్ అనే ఖయాల్. వేరేవాళ్లు చేస్తే మాట్లాడి, మనవాళ్లు చేస్తే ఇజ్జత్ అని దాచితే మన మాటకు కీమత్ ఉండదు.

ఇప్పుడు మా పెద్ద ఖాలా గురించి చెప్పాలి. ఆమె నలభై ఏళ్లుగా మొహల్లాలో ఔరత్‌ల మయ్యత్‌లకు గుసుల్ ఇస్తోంది. ఒక రమజాన్‌లో సెహ్రీ అయ్యాక, నేను ఈ విషయం మీద చదువుతున్నానని తెలిసి, తనంతట తానే చెప్పింది. ఇరవై మూడేళ్ల పిల్ల. ఇద్దరు బచ్చాలు. రాత్రి గుండె ఆగిపోయిందన్నారు. జొహర్‌కి ఖబర్, అసర్ తర్వాత తద్‌ఫీన్. నీళ్లు పోయడానికి దుపట్టా తీస్తే గొంతుకు రెండు వైపులా వేలి గుర్తులు. కళ్లలో ఎర్రటి చుక్కలు. ఖాలా బయటికి వచ్చి పిల్ల అమ్మీని పక్కకు పిలిచి చెప్పింది. ఆ అమ్మీ ఖాలా రెండు చేతులూ పట్టుకుని, "ఆపా, చీర్‌ఫాడ్ చేయిస్తారు. నా బచ్చీని కోస్తారు. బచ్చాల్ని ఎవరు చూస్తారు? పర్దా వేసెయ్" అన్నది. ఇంట్లో పెద్దలు "మయ్యత్ ఐబ్ బయట చెప్పడం గునాహ్" అని యాద్ చేశారు.

ఖాలా నాతో అన్న మాట ఇది. "బేటా, మయ్యత్ ఐబ్ దాచాలి, నాకు తెలుసు. నలభై ఏళ్లుగా దాస్తున్నా. కానీ ఆ గుర్తులు దాని ఐబ్ కాదు కదా. వాడి ఐబ్. వాడి ఐబ్‌ని నేనెందుకు కఫన్‌లో చుట్టాలి?"

ఆలిమ్‌లు ఏమంటారో నేను చెప్పలేను, నేను ఆలిమాని కాదు. కానూన్ ఏమంటుందో చెప్పగలను. పెళ్లై ఏడేళ్ల లోపు ఔరత్ షక్ వచ్చేలా చనిపోతే పోస్ట్‌మార్టం, మెజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. చీర్‌ఫాడ్ అంటే మనకు దిల్ ఒప్పుకోదు. మయ్యత్‌కి తక్లీఫ్ అవుతుందని భయం. కానీ ఆ ఒక్కటీ తప్పించడం కోసం మనం ఆ పిల్లను రెండోసారి నోరు లేకుండా చేస్తున్నాం.

గొంతు దగ్గర ఎందుకు ఆగానంటే, అది మామూలు దెబ్బ కాదు. అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు-పరిశోధకురాలు 1980లలో ఒక ప్రశ్నల పట్టిక తయారుచేసింది. దెబ్బలు తినే ఔరత్‌ని అడగాల్సిన సవాళ్లు. ఎప్పుడైనా గొంతు నులిమాడా? చంపుతానన్నాడా? హమల్‌లో ఉండగా కొట్టాడా? జబర్దస్తీగా పక్కలోకి లాగాడా? ఎక్కడికి వెళ్లినా వెంటాడుతున్నాడా? ఫోన్, పైసా, దోస్తీ అన్నీ తన చేతుల్లోనే పెట్టుకున్నాడా? నౌకరీ పోయిందా? "నువ్వు పోతే నేను చస్తా" అని బెదిరిస్తున్నాడా? ఇవి ఒక్కొక్కటీ ప్రాణం మీదికి వచ్చే ఇషారాలు. అంతకు ముందు ఒక్కసారైనా గొంతు నులిమిన మర్ద్ చేతిలో ఆ ఔరత్ హత్యకు గురయ్యే ఖతరా ఏడు రెట్లకు పైగా ఉంటుందని 2008లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. పైగా గొంతు నులిమినా చాలాసార్లు బయటికి గుర్తే కనిపించదు. మన బేటీ ఫోన్ చేసి "అమ్మీ, నిన్న గొంతు పట్టుకున్నాడు" అంటే మనం "గుస్సాలో పట్టుకుని ఉంటాడు, సబ్ర్ చెయ్" అంటాం. ఆ మాట విన్న రోజే బేటీని తెచ్చుకోవాల్సిన రోజు.

సబ్ర్ గురించి కూడా ఒక లెక్క ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఏదో ఒక కారణానికి షౌహర్ బీవీని కొట్టడం సబబే అన్న ఔరత్‌లు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. ఇందులో హిందూ, ముస్లిం అని లేదు. మనందరి అమ్మీలూ, అమ్మలూ, సాస్‌లూ, అత్తలూ ఉన్నారు. కొట్టేవాడికి హిమ్మత్ ఇచ్చేది వాడి చెయ్యి ఒక్కటే కాదు.

ఇక అన్నిటికంటే ఖతర్నాక్ వఖ్త్ ఏదంటే, ఆమె వదిలేసి వెళ్లే వఖ్త్. వెళ్తానన్న రోజు, వెళ్లిన తర్వాతి కొద్ది నెలలు. ఇంట్లో ఉన్నంతకాలం కొట్టిన మర్ద్, ఆమె గుమ్మం దాటగానే చంపడానికి తయారవుతాడు. ఎందుకంటే అప్పటిదాకా కొట్టింది ఆమెను కాబూలో పెట్టుకోవడానికి. కాబూ పోయింది. అందుకే "ఆఖరిసారి ఒక్కసారి వచ్చి మాట్లాడు" అన్న పిలుపుకి బేటీని ఒంటరిగా పంపకండి. జహేజ్ సామాన్ తెచ్చుకోవడానికి ఆమెను పంపకండి, నలుగురు మర్ద్‌లు వెళ్లండి, పోలీసుకి చెప్పి వెళ్లండి. సుల్హా చేస్తామని జమాత్ పెద్దలు పిలిస్తే ఇద్దర్నీ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టొద్దని ముందే షరతు పెట్టండి. బచ్చాల్ని చూడ్డానికి వస్తానంటే ఇంట్లో కాదు, నలుగురున్న చోట.

"అయితే వెళ్లడమే ఖతరా కదా, ఉంటేనే మంచిది కదా" అంటారేమో. కాదు. ఇక్కడే మా మామూ కొడుకు సవాలుకి అసలు జవాబు ఉంది.

ఔరత్ షౌహర్‌ని ఎందుకు చంపుతుంది? నీలి డ్రమ్ము లాంటి కేసుల్లో మూడో మనిషి ఉన్నాడంటారు పోలీసులు. గద్వాల, మేఘాలయ కేసుల్లో పెళ్లికి ముందు నుంచే ఇంకొకరితో సంబంధం ఉందన్నారు. అలాంటి పెళ్లి ఎవరు చేశారు, లడ్కీని అడిగారా అన్నది హత్యకు బహానా కాదు. కానీ "ఖబూల్ హై" అనిపించే ముందు మనం నిజంగా ఆమె రజామందీ అడుగుతున్నామా, తలొంచుకుంటే సరిపెట్టుకుంటున్నామా అన్నది సోచించాల్సిన మాటే.

ఇంకో రకం ఉంది. 1989లో ఇంగ్లండ్‌లో కిరణ్‌జీత్ అహ్లూవాలియా అనే పంజాబీ ఔరత్ పదేళ్లు దెబ్బలు తిని, ఒక రాత్రి పడుకున్న షౌహర్‌కి నిప్పు పెట్టింది. అతను చనిపోయాడు. ఆమెకి ఉమ్రఖైద్ పడింది. సౌథాల్ బ్లాక్ సిస్టర్స్ అనే ఔరత్‌ల సంస్థ ఆమె తరఫున నిలబడింది. 1992లో అప్పీలు కోర్టు హత్యానేరాన్ని కొట్టేసింది. తర్వాత తక్కువ నేరం కింద అప్పటికే గడిపిన జైలు చాలని వదిలేశారు. ఆమె చేసింది సహీ అని నేను అనను. ఆ పదేళ్లలో ఆమెకు బయటికి ఒక్క దర్వాజా తెరిచి ఉంటే ఆ మర్ద్ ఈరోజు బతికి ఉండేవాడేమో అంటాను.

ఇది నా ఖయాల్ ఒక్కటే కాదు. అమెరికాలో 1976లో పార్ట్‌నర్ చేతిలో చనిపోయిన మర్ద్‌లు 1,300 పైగా. 2005కి వాళ్లు 329. నాలుగింట మూడు వంతులు తగ్గిపోయారు. చనిపోయే ఔరత్‌లు మాత్రం అంత తగ్గలేదు, 2005లో 1,181 మంది. మధ్యలో ఏం మారింది? ఔరత్‌ల కోసం ఆశ్రయాలు వచ్చాయి, తలాఖ్ తేలికైంది, రక్షణ ఉత్తర్వులు వచ్చాయి. కారణాలు ఇంకా ఉండొచ్చు. కానీ పరిశోధకులు చెప్పిన ముఖ్యమైన మాట ఇది. వెళ్లిపోవడానికి దారి దొరికిన ఔరత్‌కి చంపాల్సిన మజ్‌బూరీ లేదు. ఔరత్‌ల కోసం తెరిచిన దర్వాజాలు అందరికంటే ఎక్కువ షౌహర్‌ల ప్రాణాలు కాపాడాయి.

మనకు ఆ దర్వాజా పద్నాలుగు వందల ఏళ్ల కిందే ఉంది. దాని పేరు ఖులా. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో జుల్మ్ కూడా ఒక కారణంగా రాసి ఉంది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు సాఫ్‌గా చెప్పింది, ఖులా ఔరత్ హక్, దానికి షౌహర్ ఒప్పుకోలు అక్కర్లేదని. కానీ మన మొహల్లాల్లో ఖులా అడిగిన పిల్లను నెలల తరబడి తిప్పుతారు. "మెహర్ మాఫ్ చెయ్, సామాన్ వదిలెయ్, బచ్చాల్ని ఇచ్చెయ్" అని బేరాలు ఆడతారు. ఆ నెలలన్నీ ఆమె అదే కప్పు కింద, అదే చేతుల దగ్గర ఉంటుంది.

బేటాలున్న అమ్మీలకు ఒక గుజారిష్. మీ బహూ వెళ్లిపోతానంటే పోనివ్వండి. అది మీ బేటాకి జిల్లత్ కాదు. వాడి చేతికి ఖూన్ అంటకుండా, వాడు ఖూన్ కాకుండా ఉండే దారి. బేటీలున్న అబ్బాలకు ఇంకొకటి. నిఖా రోజు ఆమె గది ఖాళీ చేసి స్టోర్ రూమ్ చేయకండి. తిరిగి రావచ్చని నోటితో చెప్పండి, చెప్పకుండానే తెలుసులే అనుకోకండి.

నంబర్లు యాద్ పెట్టుకోండి. ఔరత్‌ల హెల్ప్‌లైన్ 181. అత్యవసరమైతే 112. జిల్లాలో సఖి కేంద్రం ఉంటుంది, 2005 చట్టం కింద రక్షణాధికారి ఉంటారు. అదాలత్‌లో వకీల్‌కి పైసా లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ముఫ్త్‌గా ఇస్తుంది, ఔరత్ ఆమ్దనీ ఎంతని అడగదు.

మా మామూ కొడుక్కి ఈ లెక్కలన్నీ పంపాను. చాలాసేపు నీలి టిక్కులు వచ్చి ఆగిపోయాయి. తర్వాత ఒక్క సవాల్ పంపాడు. "ఆపా, మా బాజీ దగ్గర ఆ గొంతు సవాల్ ఎలా అడగాలి?" అని.

సీదాగా అడుగు అన్నాను. ఆమె షౌహర్ పక్కన లేనప్పుడు, ఫోన్ స్పీకర్‌లో లేనప్పుడు. "హాఁ" అంటే వెంటనే గాడీ తీయి.